రాగి గురించే అడుగుతాం, రేకుల సంగతి?

కందుకూరులో మోటార్లకు తీగ చుట్టే ఒక వైండింగ్ షాపులో, రొయ్యల చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ మోటారును విప్పుతుంటే చూశాను. మాడిన తీగలను లాగేశాక మిగిలిన ఉక్కు దిమ్మ దూరానికి ఒకే ముద్దలా కనిపించింది కానీ, దగ్గరగా చూస్తే పుస్తకం అంచున కాగితాల్లా పలుచని రేకులు ఒత్తుగా పేర్చి ఉన్నాయి. షాపువాళ్లు వీటిని స్టాంపింగులంటారు. రేకులన్నీ కలిసిన దిమ్మను కోర్ అంటారు. రాగి ఎన్ని కిలోలు పడుతుందని రైతు అడిగాడు. రేకుల మాట ఎవరూ ఎత్తలేదు. మోటారు ఎంత కరెంటు వృథా చేస్తుందన్నది రాగితో పాటు ఈ రేకుల మీద కూడా ఆధారపడుతుంది.

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు పూర్తి చేస్తుంది కనుక కోర్‌లోని అయస్కాంతత్వం సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది. మారిన ప్రతిసారీ ఉక్కులో కొంత శక్తి వేడిగా పోతుంది. దీనిని హిస్టరిసిస్ నష్టమంటారు. దీనికి తోడు, మారుతున్న అయస్కాంత క్షేత్రం ఉక్కులోనే విద్యుత్ సుడులను పుట్టిస్తుంది. మిగతావన్నీ అలాగే ఉంచి రేకు మందాన్ని సగం చేస్తే ఈ సుడుల నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. దిమ్మకు బదులు రేకులు వాడేది ఇందుకే. ఇనుముకు సుమారు 3 శాతం సిలికాన్ కలిపితే దాని విద్యుత్ నిరోధం నాలుగైదు రెట్లు పెరిగి, సుడులు మరింత అణగుతాయి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఈ ఉక్కును వాడుకలోకి తెచ్చినవారు ఇంగ్లండు లోహశాస్త్రవేత్త రాబర్ట్ హ్యాడ్‌ఫీల్డ్. సిలికాన్ మరీ ఎక్కువైతే ఉక్కు పెళుసెక్కి, రేకుగా సాగకుండా పగులుతుంది.

మోటారులో అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి అన్ని దిశల్లోనూ ఇంచుమించు ఒకేలా పనిచేసే ఉక్కు కావాలి, 0.35, 0.50 మిల్లీమీటర్ల రేకులు ఎక్కువగా వాడతారు. ట్రాన్స్‌ఫార్మర్‌లో క్షేత్రం కోర్ పొడవునా ఒకే దారిలో నడుస్తుంది. వెదురు నిలువునా తేలికగా చీలినట్టే, ఇనుప స్ఫటికం కూడా ఒక దిశలో తేలికగా అయస్కాంతమవుతుంది. స్ఫటికాలన్నిటినీ ఆ దిశకు తిప్పి పేర్చే పద్ధతికి అమెరికాకు చెందిన నార్మన్ గాస్ 1934లో పేటెంటు పొందాడు. మన ట్రాన్స్‌ఫార్మర్ల పనివాళ్లు సీఆర్‌జీవో (కోల్డ్ రోల్డ్ గ్రెయిన్ ఓరియెంటెడ్) అనే రేకు అదే, 0.23 నుంచి 0.35 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతుంది.

చెరువు గట్టున ట్రాన్స్‌ఫార్మర్ చేసే గుయ్‌మనే మోతకు ముఖ్య కారణం, సెకనుకు 100 సార్లు ఈ రేకులు అతిస్వల్పంగా సాగి ముడుచుకోవడమే. ఏరేటర్లన్నీ ఆపేసినా, లైను ఉన్నంతసేపూ కోర్ నష్టం, అంటే హిస్టరిసిస్, సుడుల నష్టాలు రెండూ, ఆగదు. లైను పోకపోతే అది ఏడాదికి 8,760 గంటలు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు ముందు రేకు రకమే చూడాలని నా అభిప్రాయం.

మోటారు రేకులకు అసలు ముప్పు రీవైండింగ్ సమయంలో, అంటే పాత తీగ తీసి కొత్తది చుట్టేటప్పుడు, వస్తుంది. వార్నిష్ పట్టిన పాత తీగ తేలికగా ఊడి రావాలని కొన్నిచోట్ల స్టేటర్‌ను, అంటే మోటారులో తిరగకుండా ఉండే తీగ చుట్టిన కోర్‌ను, మంటలో కాలుస్తారు. ఆ వేడికి రేకుల మధ్య ఉండే పలుచని ఇన్సులేషన్ పూత మాడిపోతే, విడివిడి రేకులు విద్యుత్తు దృష్టిలో మళ్లీ ఒకే దిమ్మ అవుతాయి. ఉష్ణోగ్రత అదుపులో ఉండే ఓవెన్‌లో సుమారు 370 డిగ్రీల సెల్సియస్ దాటకుండా కాల్చడం క్షేమం.

నేను చూసిన షాపులో మేస్త్రీ కొత్త తీగ చుట్టే ముందు, రేకుల మధ్య పూత ఎక్కడైనా పోయిందేమో చూడడానికి స్టేటర్ గుండా నాలుగు చుట్లు కేబుల్ వేసి, కాసేపు కరెంటిచ్చి, ఆపాక లోపల చెయ్యి పెట్టి తడిమి చూశాడు. ఒకచోట, తీగ కూర్చునే గాళ్ల మధ్య ఉండే పళ్లలో రెండు మిగతావాటికంటే వేడెక్కి ఉన్నాయి. అక్కడ రేకులను మెల్లగా విడదీసి, మధ్యన మైకా ముక్కలు దూర్చి, మరోసారి పరీక్షించడానికి మళ్లీ కేబుల్ చుట్టాడు.