పిన్ను దగ్గర ఐదొందల కిలోలు, బకెట్‌లో ఎన్ని?

టెక్సస్‌లో ఊరి బయట ఐదెకరాలు కొన్న మా బావమరిది పోయిన నెల ఫోన్ చేశాడు. "బావా, పాతిక హెచ్‌పీ ట్రాక్టర్ ఖాయం చేశాను, ముందు తగిలించే లోడర్ దగ్గర ఆగిపోయాను, రెండు రకాలున్నాయి, ఎక్కువ బరువు ఎత్తేదే తీసుకోనా?" అని. మన ఊళ్ళో ఈ ప్రశ్న పెద్దగా రాదు. ఇక్కడ ట్రాక్టర్ కొనేవాళ్ళు కల్టివేటర్, రోటవేటర్, ట్రాలీ గురించి అడుగుతారు, మట్టి ఎత్తే పనుంటే గంటకింతని జేసీబీని పిలుస్తారు. అక్కడ మనిషిని పిలిస్తే తడిసి మోపెడవుతుంది కాబట్టి గ్రావెల్ పరచడం దగ్గర్నుంచి కొమ్మలు ఈడ్చడం దాకా అన్నీ ఆ చిన్న ట్రాక్టరే చెయ్యాలి.

బ్రోచర్‌లో పెద్దక్షరాలతో 500 కిలోలని ఉందనుకోండి. చాలాసార్లు అది పిన్ను దగ్గరి లెక్క, అంటే లోడర్ చేతులూ బకెట్టూ కలిసే కీలు దగ్గర. అక్కడ మీరు ఏ బరువూ పెట్టలేరు, బరువుండేది దానికి ముందు, బకెట్‌లో. నీళ్ళ బిందెను చంకన పెట్టుకుని వీధంతా నడిచే మనిషి అదే బిందెను చేయి చాచి పట్టుకోమంటే నిమిషం నిలవదు కదా, ఇదీ అంతే. అందుకే పిన్నుకు 50 సెంటీమీటర్ల ముందు ఎంత ఎత్తుతుందో ఇంకో అంకె ఇస్తారు, అది పిన్ను దగ్గరి అంకె కంటే పావు వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. రెండు లోడర్లను పోల్చాలంటే ఆ చిన్న అంకెలనే పక్కపక్కన పెట్టాలి. బకెట్ బదులు ఫోర్కులు (ముందుకు చాచిన రెండు ఇనుప పలకలు) తగిలించి నాలుగడుగుల ప్యాలెట్, అంటే సరుకు పేర్చే చెక్క పీట, ఎత్తితే బరువు మధ్యభాగం ఇంకా ముందుకు పోతుంది, అప్పుడు ఆ అంకె కూడా ఆశే.

ఈ బలం ఎక్కడిదంటే నూనెది. చిన్న ట్రాక్టర్లలో హైడ్రాలిక్ పీడనం సుమారు 170 బార్, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 173 కిలోల నెట్టుడు. లోడర్ చేతులను లేపే సిలిండర్లు రెండుంటాయి, ఒక్కోదానిలో 4 సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్‌కు వైశాల్యం పన్నెండున్నర చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక్కో సిలిండర్‌కు 2,100 కిలోల పైన, రెండూ కలిపి నాలుగు టన్నులు దాటింది! మరి ఎత్తేది అర టన్నేనా అంటే, సిలిండర్ ఓ 45 సెంటీమీటర్లు సాగితే బకెట్ 2.4 మీటర్లు లేస్తోంది. దూరం ఐదింతలకు పైగా పెరిగితే బలం ఐదో వంతు కంటే తక్కువే మిగులుతుంది, ప్రకృతి ఉచితంగా ఏదీ ఇవ్వదు. ఆ మిగిలిన ఎనిమిదొందల కిలోల్లోంచి చేతుల బరువు, బకెట్ బరువు, కోణం కలిసిరాని చోట పోయేది తీసేయండి. ఇంకో సంగతి, ఆ రెండు సిలిండర్లు నిండడానికి సుమారు 1.1 లీటర్ల నూనె కావాలి, నిమిషానికి 20 లీటర్లు తోడే పంపైతే మూడున్నర సెకన్లు. అదే పంపుకు లావు సిలిండర్లు తగిలిస్తే బరువు ఎక్కువ ఎత్తుతుంది కానీ నెమ్మదిగా లేస్తుంది.

మా వాడికి నేను అసలు చెప్పాలనుకున్నది మాత్రం లోడర్ గురించి కాదు, ట్రాక్టర్ గురించి. ఎడ్లబండిలో బరువు సర్దడం చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది, బస్తాలు వెనక్కి జరిగితే కాడి పైకి లేస్తుంది, ముందుకు జరిగితే ఎడ్ల మెడ మీద పడుతుంది. ట్రాక్టర్ ఇరుసుల మధ్య దూరం 1.6 మీటర్లు, బకెట్‌లో 300 కిలోలు, అది ముందు ఇరుసుకు 1.2 మీటర్ల అవతల ఉందనుకుందాం. వెనక చక్రాల మీంచి 225 కిలోలు తేలిపోతాయి, ముందు ఇరుసు మీద కొత్తగా పడేది 300 కాదు, 525! మామూలుగా ఈ చిన్న ట్రాక్టర్లకు బ్రేకులుండేది వెనక చక్రాలకే, పల్లంలో అవి తేలిపోతే బ్రేకు తొక్కినా లాభముండదు. అందుకే లోడర్ పనిలో ముందు చక్రాలూ పట్టేలా ఫోర్ వీల్ వేసే ఉంచాలి, బకెట్ నేలకు జానెడెత్తులో పట్టుకుని కదలాలి, సీటు బెల్టు పెట్టుకోవాలి. పైకెత్తిన బకెట్‌తో వాలులో తిరగడమంటే నాకు చూస్తేనే టెన్షన్.

దీనికి విరుగుడు వెనక బరువు. టైర్లలో నీళ్ళు నింపుతారు చాలామంది, మంచిదే, కానీ ఆ బరువు వెనక ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి ముందు ఇరుసుకు ఇసుమంత ఉపశమనం కూడా రాదు. ఇరుసుకు అవతల, కల్టివేటర్ లాంటివి తగిలించే త్రీ పాయింట్‌కు తగిలించిన బరువైతేనే ముందు భాగాన్ని పైకి లేపుతుంది.

మిగతా ఆప్షన్లంటారా, బకెట్ తీసి ఫోర్కులు పెట్టుకునే క్విక్ అటాచ్ తప్పకుండా తీసుకోమన్నాను, దాని సొంత బరువూ మందమూ వల్ల ఎత్తే శక్తి కాస్త తగ్గినా సరే. పైకి లేస్తుంటే బకెట్‌ను తనే సమంగా ఉంచే సెల్ఫ్ లెవెలింగ్, ప్యాలెట్లు ఎత్తేవాళ్ళకు అవసరం, గడ్డి మోపులు ఎత్తేవాళ్ళకైతే ఇంకా అవసరం, ఎందుకంటే అది లేకుండా అజాగ్రత్తగా ఎత్తితే గుండ్రటి మోపు చేతుల మీదుగా దొర్లి డ్రైవర్ మీదికొస్తుంది. మట్టి, గ్రావెల్ పనికి అది లేకపోయినా నడుస్తుంది. బకెట్ సైజు కూడా చూసుకోవాలి, పావు ఘనపు మీటరు బకెట్‌లో చెక్కపొట్టు వంద కిలోలు ఉండదు, అదే బకెట్ నిండా గ్రావెల్ నాలుగొందల దాకా వస్తుంది.

చివరికి వాడు చిన్న లోడరే తీసుకుని, మిగిలిన డబ్బుతో వెనక తగిలించే బరువు పెట్టె కొన్నాడు. ఇప్పుడు అందులో ఇసుక పోయాలా, కాంక్రీటు పోయాలా అని వారానికోసారి ఫోను. కాంక్రీటైతే ఘనపు మీటరుకు 2,400 కిలోలు, ఎండిన ఇసుక 1,600, కానీ ఇసుకను కావాలంటే పారతో తోడెయ్యొచ్చు కదా బావా అంటాడు.