నలుపు చెప్పిన జబ్బు, నలుపు లేని జబ్బు

అరచేతి గీతలు నల్లబడ్డాయని ఎవరూ డాక్టరు దగ్గరికి పరుగెత్తరు. ఎండ వల్లో, వయసు వల్లో అనుకుని ఊరుకుంటారు. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో పనిచేసిన థామస్ అడిసన్ ఆ నలుపునే పట్టుకున్నాడు. ఆకలి చచ్చి, చిక్కిపోయి, లేవలేనంత నీరసంతో వచ్చిన కొందరి చర్మం రంగు మారుతోంది. శవపరీక్షల్లో చూస్తే, కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు పాడైపోయి ఉన్నాయి. 1855లో 11 మంది రోగుల వివరాలతో ఆయన పుస్తకం వేశాడు. ఆ జబ్బుకు ఆయన పేరే పడింది, అడిసన్ జబ్బు అని.

అప్పటికి ఆ గ్రంథులు ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు. మరుసటి ఏడాది బ్రౌన్ సెకార్ అనే శాస్త్రవేత్త జంతువుల్లో వాటిని తీసేసి చూస్తే అవి బతకలేదు. ఒక్కోటి నాలుగైదు గ్రాములు తూగే గ్రంథి లేకపోతే ప్రాణమే నిలవదని అలా తేలింది.

అందులో తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోను బీపీనీ, రక్తంలో చక్కెరనూ పడిపోకుండా చూస్తుంది. జ్వరం, దెబ్బ, ఆపరేషన్ లాంటివి వస్తే శరీరాన్ని నిలబెడుతుంది. ఆల్డోస్టిరాన్ అనే మరో హార్మోను ఉప్పును ఒంట్లో ఆపుతుంది. ఇవి తగ్గితే మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది. కొందరికి ఉప్పు మీదే ధ్యాస. మరి నలుపు ఎక్కడిది? కార్టిసాల్ చాలడం లేదని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, అడ్రినల్‌ను పనిచేయమని పురమాయించే ఏసీటీహెచ్ అనే హార్మోనును కుమ్మరిస్తుంది. అది చర్మంలోని రంగు కణాలను కూడా తట్టి లేపుతుంది. అందుకే అరచేతి గీతలు, చిగుళ్లు, పాత మచ్చలు నల్లబడతాయి.

అడిసన్ కాలంలో ఈ గ్రంథులను ఎక్కువగా తినేసింది క్షయ. క్షయ తగ్గిన చోట్ల ఇప్పుడు సొంత రోగనిరోధక వ్యవస్థే వాటి మీద పడటం ప్రధాన కారణం.

మందు కోసం డెబ్బై ఐదేళ్లు పట్టింది. 1930 ప్రాంతంలో జంతువుల గ్రంథుల సారం రోగులను కొంత నిలబెట్టింది. ఆ తర్వాత కెండల్, రైఖ్‌స్టైన్ అనే రసాయన శాస్త్రవేత్తలు అసలు హార్మోన్లను విడదీశారు. 1948లో హెంచ్ అనే వైద్యుడు వాటిలో ఒకటైన కార్టిసోన్‌ను కీళ్లవాతానికి వాడి చూస్తే, మంచాన పడ్డవాళ్లు లేచి నడిచారు. 1950లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

కథ అడ్డం తిరిగింది అక్కడే. బయటి నుంచి కార్టిసోన్ లాంటి స్టెరాయిడ్ మందు అందుతుంటే పిట్యూటరీ నోరు మూసుకుంటుంది, పనిలేని అడ్రినల్ కుంచించుకుపోతుంది. 1952లో ఒక ఉదంతం వైద్య పత్రికకెక్కింది. కీళ్లవాతానికి కార్టిసోన్ వాడుతూ ఆపరేషన్‌కు ముందు ఆపేసిన ఒక యువకుడు షాక్‌లోకి వెళ్లి చనిపోయాడు. అతని అడ్రినల్ గ్రంథులు ఎండిపోయి ఉన్నాయి. 1954లో అడిసన్ జబ్బే ఉన్న, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెన్నెడీకి నడుము ఆపరేషన్ జరిగింది. కష్టం మీదే అయినా, స్టెరాయిడ్ల అండతో ఆయన బయటపడ్డాడు.

నేడు అడ్రినల్ లోపానికి, అంటే ఆ గ్రంథి హార్మోన్లు చాలకపోవడానికి, అతి సాధారణ కారణం దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్లే. ఈ రకంలో ఏసీటీహెచ్ పెరగదు, తగ్గుతుంది. కాబట్టి చర్మం నల్లబడదు. అడిసన్‌కు దారి చూపిన గుర్తు ఇక్కడ పనికిరాదన్నమాట. మిగిలేది నీరసం, వికారం, బరువు తగ్గడం. వీటిని చూసి 'అంతా టెన్షన్ వల్లే' అనేయడం చాలా తేలిక. (నెట్‌లో తిరిగే 'అడ్రినల్ ఫెటీగ్' వేరే సంగతి, దాన్ని హార్మోన్ల వైద్యులు జబ్బుగా గుర్తించరు.) ఉదయం పూట కార్టిసాల్ పరీక్ష, అనుమానం మిగిలితే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ కొలవడం, ఇవే తేల్చేవి.

అందుకే నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపరు, డోసు మెల్లగా దించుతారు. లోపం తేలినవాళ్లకు జ్వరం వస్తే రోజువారీ హైడ్రోకార్టిసోన్‌ను (మందు రూపంలోని కార్టిసాల్) రెట్టింపు చేయమని ముందే చెప్పి ఉంచుతారు. వాంతులై మాత్ర నిలవకపోతే ఆగడానికి లేదు, 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ వెంటనే పడాలి. స్పృహ తప్పినవాడు తనకు ఈ లోపం ఉందని చెప్పలేడు కాబట్టి, ఆ మాటను కార్డు మీద రాసి జేబులో పెట్టుకోమంటారు.