పైరు ఎర్రబడితే ముందు వేరు చూడండి: యాసంగి వరిపై అపోహలు - వాస్తవాలు

జగిత్యాల వైపు మాది ఆరెకరాల వరి. సగం కాలువ కింద, సగం బోరు కింద. నాన్న, నేను, నా భార్య కలిసి చేసుకునే సేద్యం. నాట్లకు కూలీలు, కోతకు హార్వెస్టర్ తప్ప మిగతా పనంతా ఇంటి వాళ్లదే. వానాకాలం పంటలో తప్పు జరిగితే నేరం వాన మీదికి నెట్టేయవచ్చు. చలికాలంలో వేసే యాసంగిలో (రబీలో) ఆ వెసులుబాటు లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో చలికి పైరు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అది ఆగిందని మన చేయి మాత్రం ఊరుకోదు, ఏదో ఒకటి తెచ్చి చల్లుతూనే ఉంటుంది. ఇన్నేళ్లలో నేను వృథా చేసిన డబ్బులో ఎక్కువ భాగం ఆ రెండు నెలల్లో సంచుల రూపంలో మడిలోకి వెళ్లిందే. ఏటా ఊళ్లో వినబడే మాటల్లో కొన్నింటికి నా అనుభవంలో తేలిన జవాబులు ఇవి.

"ఒక రాత్రి మండె కడితే మొలక రావాలి, రాలేదంటే విత్తనం నకిలీ"

జూన్‌లో ఒక రాత్రి చాలు. డిసెంబరులో 24 గంటలు నానబెట్టిన వడ్లు మండె కట్టాక, అంటే కుప్పగా పోసి కప్పి మొలకకు వదిలాక, ముక్కు పొడవడానికి రెండు రోజులు పట్టడం మామూలే. మేము మండె మీద తడి గోనెసంచులు, వాటి మీద మందంగా గడ్డి కప్పి, మధ్యలో గోరువెచ్చని నీళ్లు చిలకరిస్తాం. మొలక రాలేదని రెండో రోజే దుకాణదారుడితో గొడవకు వెళ్లిన ఒకాయన తిరిగి వచ్చేసరికి, ఇంటి దగ్గర మండె తెల్లగా మొలిచి ఉంది.

అసలు చిక్కు వేరే ఉంది. మొన్న వానాకాలంలో కోసిన సొంత వడ్లనే విత్తనంగా వాడేవారికి నిద్రావస్థ అడ్డు వస్తుంది. గింజ బతికే ఉంటుంది, మొలవడానికి మాత్రం ఒప్పుకోదు. రకాన్ని బట్టి లీటరు నీటికి 6.3 నుంచి 10 మి.లీ. నత్రికామ్లం (నైట్రిక్ యాసిడ్) కలిపి, ఆ నీటిలో 24 గంటలు నానబెట్టి, బాగా కడిగి మండె కడితే దారికి వస్తుంది. ఆమ్లం కాబట్టి చేతికి తొడుగు తప్పదు, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. ఏ విత్తనమైనా పది రోజుల ముందే 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి చూసుకోండి. 80 మొలిస్తే నిశ్చింత.

"చలికి నారు ఎదగకపోతే యూరియా చల్లి లేపాలి"

నిద్రపోతున్న మనిషి నోట్లో అన్నం కుక్కినట్టు ఉంటుంది ఈ పని. రాత్రి చలికి నేల, నీరు చల్లబడితే వేరు పనిచేయదు. పనిచేయని వేరు యూరియాను తీసుకోలేదు. చల్లినదాంట్లో కొంత నీటితో పోతుంది, కొంత గాలిలో కలుస్తుంది. మిగిలింది నాలుగు రోజులు ఎండ కాసినప్పుడు ఒక్కసారిగా ఎక్కి నారును మెత్తగా, పురుగుకు ఇష్టంగా తయారు చేస్తుంది.

నారుమడికి కావలసింది వెచ్చదనం. రాత్రంతా నిలిచి చల్లబడిన నీటిని పొద్దున తీసేసి కొత్త నీరు పెట్టాలి. తెల్లవారుజామున బోరు నీళ్లు ఆవిరి కక్కుతుంటాయి చూడండి, చలి రోజుల్లో అంతకు మించిన టానిక్కు లేదు. మరీ చలిగా ఉన్న వారంలో కర్రలు పాతి, నారుకు తగలకుండా సాయంత్రం పట్టా కప్పి పొద్దున తీసేస్తాం. తీయడం మరచిపోతే మధ్యాహ్నానికి నారు ఉడుకుతుంది, ఆ అనుభవమూ మాకుంది.

ఎరువుల్లో చలికాలపు నారుకు ముందు గుర్తు రావలసింది భాస్వరం. ఎకరం నాటుకు సరిపడే రెండు గుంటల నారుమడికి మామూలుగా కిలో భాస్వరం వేస్తే, చలి ఎక్కువున్నప్పుడు రెండు కిలోలు వేయమంటారు శాస్త్రవేత్తలు. ఇది భాస్వరం లెక్క, ఎరువు సంచి లెక్క కాదు. సూపర్ ఫాస్ఫేట్‌లో భాస్వరం 16 శాతమే కాబట్టి ఆ మేరకు లెక్క కట్టుకోవాలి. ఆకులు పాలిపోతే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ పిచికారీ చేస్తాం.

"నాటిన మడి ఎర్రబడితే అది జింకు లోపమే"

నాకు బాగా ఖరీదైన పాఠం ఇది. ఒక ఏడాది సంక్రాంతికి ముందు నాటిన పల్లపు మడి ఇరవై రోజులకు ఎర్రబడింది. చూసినవాళ్లంతా జింకు అన్నారు, నేనూ అదే అనుకున్నాను. రెండుసార్లు కొట్టాను. మడి మరింత ఎర్రబడింది. దుకాణంలో పురుగుమందు గుళికలు, ఏదో నల్లటి ద్రావణం అంటగట్టారు, అవీ వేశాను. చివరికి నాన్న మడిలోకి దిగి ఒక కుదురు పీకి నా చేతిలో పెట్టాడు. వేర్లు నల్లగా ఉన్నాయి, కుళ్లిన కోడిగుడ్డు వాసన. అడుగు వేసిన చోటల్లా బుడగలు. "ఆకును చూసి వైద్యం చేస్తావేమిరా, రోగం కింద ఉంటే" అన్నాడు.

జరిగింది ఇది. హార్వెస్టర్ కోసి వదిలిన వానాకాలపు గడ్డిని రోటవేటరుతో కలియదున్ని, వారం తిరగకుండానే నాటేశాం. పచ్చిగడ్డి నీళ్ల కింద గాలి ఆడకుండా కుళ్లి, సల్ఫైడ్ వాయువు పుట్టి వేర్లను కాల్చింది. దీనికి మందు సంచిలో దొరకదు. నీళ్లు తీసేసి, నేల సన్నని నెర్రెలు ఇచ్చేదాకా ఆరనివ్వాలి. ఆరబెట్టిన తర్వాత పది రోజుల్లో తెల్ల వేర్లు వచ్చాయి. అప్పుడు వేసిన యూరియా పనిచేసింది.

అయితే జింకు లోపం ఉత్త మాట కాదు. చలికి నేలలోని జింకు మొక్కకు సరిగా అందదు కాబట్టి యాసంగిలో అది ఎక్కువే. గుర్తులు వేరుగా ఉంటాయి. ముదురాకుల చివర్లలో, మధ్య ఈనెకు ఇరువైపులా తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకు చిన్నబడి పెళుసుగా మారుతుంది, వంచితే చిటుక్కున విరుగుతుంది. వేరు మాత్రం నల్లబడదు, కంపు ఉండదు. అలా ఉంటే లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్, ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి. అంతకంటే తేలిక, నాటేముందు మడిని బురదగా దున్నే ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోలు వేసుకోవడం. భాస్వరం ఎరువుతో కలిపి మాత్రం వేయకూడదు, రెండు మూడు రోజుల ఎడం ఉండాలి. ముదురాకులు మచ్చలేమీ లేకుండా ఏకరీతిగా పసుపుబారితే అది నత్రజని కొరత. యూరియా అవసరం అప్పుడే.

"అయితే గడ్డిని కాల్చేయడమే మేలు, బూడిద ఎరువే కదా"

పై కథ విన్నవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఇది. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాల్చితే నత్రజని దాదాపు మొత్తం పోతుంది, మిగతా వాటిలోనూ ఐదో వంతో నాలుగో వంతో పోతుంది. పై పొరలోని సూక్ష్మజీవులు సరేసరి. బూడిదలో పొటాష్ మిగిలే మాట నిజమే, గాలికి అది పక్కవాడి మడికి చేరకపోతే.

మా బోరు కింది మూడెకరాల్లో కోత కాగానే నీళ్లు పెట్టి, ఎకరానికి 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి కలియదున్ని, రెండు వారాలు కుళ్లనిస్తాం. కాలువ కింద నీళ్లు వంతుల వారీగా వస్తాయి, అంత వ్యవధి దొరకదు. అక్కడ గడ్డి కట్టలు కట్టించి పశువులకు తోలుకుంటాం. కోశాక నేలలో మిగిలే మోళ్లను మాత్రం దున్నాల్సిందే. కాండం తొలుచు పురుగు వాటిలోనే దాక్కుని యాసంగి పైరు కోసం ఎదురుచూస్తుంది. నాటేముందు నారు కొనలు తుంచేదీ దీని కోసమే, గుడ్ల గుంపులను ఆకు కొనల దగ్గర పెడుతుంది కాబట్టి.

"నెల పైరుకు డీఏపీ, గుళికలు కలిపి చల్లితే పిలకలు గుప్పున వస్తాయి"

మా మండలంలో ఇది దాదాపు ఆచారం. డీఏపీలో ఎక్కువగా ఉండేది భాస్వరం. అది నేలలో వేసిన చోటే ఉండిపోయే రకం, పైన చల్లితే వేరు దాకా దిగదు. దాన్ని ఆఖరి దమ్ములోనే వేయాలి. ఏటా కుమ్మరించిన భాస్వరం మా నేలల్లో ఇప్పటికే పేరుకుని ఉంది. అది మితిమీరితే జింకును మొక్కకు అందనివ్వదు. అంటే డబ్బు పెట్టి లోపాన్ని కొంటున్నాం. గుళికలు పురుగు మందు, వాటికీ పిలకలకూ సంబంధం లేదు. డీఏపీలో 18 శాతం నత్రజని ఉంటుంది. మడి నాలుగు రోజులు పచ్చగా కనిపించేది దాని వల్లే. ఆ పచ్చదనం యూరియాతో ఇంకా చవకగా వస్తుంది.

"మడి నిండా నీళ్లుంటేనే వరి"

వరి నీటిని తట్టుకుంటుంది, అంతే. పిలకలు వేసే దశలో రెండు మూడు సెంటీమీటర్లు చాలు. జనవరిలో మోకాటి దాకా చల్లని నీళ్లు నిలిపితే పిలక లేవదు. మేము అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది సగం రంధ్రాలు చేసి మడిలో పాతాం. లోపలి నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ పెడతాం. పొట్ట, పూత దశల్లో మాత్రం ఈ పొదుపు పనికిరాదు, ఐదు సెంటీమీటర్ల నీరు నిలవాలి. గొట్టం పాతిన కొత్తలో మా ఇంట్లోనే నన్ను చూసి నవ్వారు. బోరు మోటారు నడిచే గంటలు తగ్గాక మా ఆవిడే రెండో గొట్టం పాతింది.

"శివరాత్రి దాటితే చలి గండం గడిచినట్టే"

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. పగటి చలి పోతుంది, రాత్రి మంచు పోదు. ఆకు మీద తెల్లవారేదాకా మంచు తడి నిలిచే ఆ రోజుల్లోనే అగ్గి తెగులు విరుచుకుపడుతుంది. నూలు కండె ఆకారపు మచ్చలు, మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు. యూరియా ఎక్కువైన మడి ఏదో తెలుసుకోవాలంటే లెక్కల పుస్తకం అక్కర్లేదు, తెగులు ముందు అక్కడే దిగుతుంది. ఆకు మీద వదిలేస్తే వెన్ను తీసే వేళకు మెడవిరుపుగా మారి నిండిన కంకిని తాలు చేస్తుంది. మచ్చ కనబడగానే మేము చేసే మొదటి పని యూరియా సంచి మూతి కట్టేయడం, ఆ తర్వాతే మందు సంగతి.

చలికి భయపడి ఆలస్యంగా నాటేవాళ్లకు ఇంకో ముప్పు. యాసంగిలో రకం కాలపరిమితి ఎలాగూ పది పదిహేను రోజులు సాగుతుంది. ఫిబ్రవరిలో నాటితే పూత ఎండల్లో పడుతుంది. 35 డిగ్రీలు దాటిన ఎండకు పుప్పొడి ఎండి తాలు పెరుగుతుంది, గింజ ముదిరే వేళ ఎండ మరీ ఎక్కువైతే మిల్లులో నూక పెరుగుతుంది. అందుకే మేము 120 రోజుల రకాలే ఎంచుకుని, డిసెంబరు మొదటి వారంలో నారు పోసి, సంక్రాంతి దాటాక వారంలోపు నాట్లు ముగిస్తాం. ఈ ఏడాది పల్లపు మడి ఒక్కటి మిగిలింది. గడ్డి ఇంకా పూర్తిగా కుళ్లలేదు, నాన్న రోజూ పొద్దున పిడికెడు బురద తీసి వాసన చూసి "ఇంకో నాలుగు రోజులు" అంటున్నాడు.