బతికిపోయిన మ్యూటెంట్లు: స్మార్ట్ కాంట్రాక్టుల టెస్టింగ్‌పై అపోహలు - వాస్తవాలు

పలాసలో మా పెదనాన్న జీడిపప్పు ఏరించే చోట ఒక అలవాటు ఉండేది. కొత్తగా చేరినవాళ్ల పళ్లెంలో లెక్కపెట్టి నాలుగు పుచ్చు పప్పులు కలిపేవాడు. నాలుగూ బయటికి వస్తే సరే. మూడే వస్తే ఆ మనిషి ఏరిన బస్తా మళ్లీ ఏరించాల్సిందే.

శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని, స్మార్ట్ కాంట్రాక్టులు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాములు) రాసే సొలిడిటీ భాష కోడ్‌తో నేను చేసే మ్యుటేషన్ టెస్టింగ్ కూడా అదే. కాంట్రాక్టులో కావాలని ఒక చిన్న తప్పు పెట్టి, టెస్టులు పట్టుకుంటాయో లేదో చూస్తాం. తప్పు పెట్టిన కాపీ పేరు మ్యూటెంట్. ఒక్క టెస్టు ఫెయిలైనా అది చచ్చినట్టు. అన్నీ పాసైతే బతికినట్టు. బ్లాక్‌చెయిన్ కంటే ఎంతో ముందే, 1970లలోనే వచ్చిన పద్ధతి ఇది.

అపోహ: కవరేజీ 100 శాతం వచ్చింది, ఇంక టెన్షన్ లేదు.

వాస్తవం: టెస్టులు నడిపినప్పుడు కోడ్‌లోని ఏ లైను నడిచిందో మాత్రమే కవరేజీ చెబుతుంది. డబ్బు తీసుకునే ఫంక్షన్లో "నిల్వ >= అడిగిన మొత్తం" అని షరతు ఉందనుకోండి. 100 ఉన్న ఖాతాలో 40 అడిగితే వస్తుందని ఒక టెస్టు, 150 అడిగితే రాదని ఇంకొకటి. కవరేజీ నిండిపోయింది. ఇప్పుడు ఆ >= తీసి > పెట్టండి. రెండూ పాసే! ఉన్న వందా తీసుకునే టెస్టు ఎవరూ రాయలేదు మరి.

నాకు ఇంతకన్నా భయం "ఓనర్ మాత్రమే" అనే తనిఖీతో, అంటే కాంట్రాక్టు ఓనర్ తప్ప ఇంకెవరూ ఆ ఫంక్షన్ నడపకుండా ఆపేదానితో. టెస్టులన్నీ ఓనర్ ఖాతాతోనే నడిపేస్తాం కాబట్టి, ఆ తనిఖీ పీకేసినా ఒక్కటీ ఫెయిలవదు. ఒక ప్రాజెక్టులో ఫీజు మార్చే ఫంక్షన్ దగ్గర అచ్చం ఇదే దొరికింది. ఆ టెస్టులు రాసింది నేనే.

అపోహ: కాంట్రాక్టులోని బగ్గులన్నీ ఇది పట్టేస్తుంది.

వాస్తవం: రాసిన కోడ్‌నే మార్చగలం, రాయని తనిఖీని ఎలా మారుస్తాం? పారిటీ అనే కంపెనీ క్రిప్టో వాలెట్లు వాడుకునే ఉమ్మడి కోడ్ (లైబ్రరీ) ఒకటి ఉండేది. దాన్ని ఇనిషియలైజ్ చేయకుండా, అంటే ఓనర్ ఎవరో మొదట్లోనే పెట్టకుండా వదిలేశారు. 2017 నవంబరులో ఎవరో దానికి ఓనరై, దాన్నే ధ్వంసం చేసేశారు. దాని మీద ఆధారపడ్డ వాలెట్లలో 5 లక్షలకు పైగా ఈథర్ (ఇథీరియం బ్లాక్‌చెయిన్ కరెన్సీ) ఇరుక్కుపోయింది. అలాంటి లోటు దొరకాలంటే మనిషి కూర్చుని చదవాలి. కాకపోతే, బతికిన మ్యూటెంటును చంపడానికి కొత్త టెస్టు రాస్తున్నప్పుడు ఒక్కోసారి అసలు కోడే ఫెయిలవుతుంది. బగ్గు దొరికేది అప్పుడే.

అపోహ: మ్యూటెంట్ బతికిందంటే టెస్టులో లోపమే.

వాస్తవం: కాదు. మైనస్ లేని యూఇంట్ సంఖ్యకు "> 0" అన్నా "!= 0" అన్నా ఒకటే. దాన్ని ఏ టెస్టూ చంపలేదు. పక్కన పెట్టేయండి.

అపోహ: రోజులు పడుతుంది.

వాస్తవం: టెస్టులన్నీ నడవడానికి 20 సెకన్లు, మ్యూటెంట్లు 300 అనుకుంటే గంటా నలభై నిమిషాలు. మ్యూటెంట్లు తయారుచేసి పెట్టడానికి గాంబిట్ లాంటి టూల్స్ ఉన్నాయి. డబ్బు కదిలే ఫంక్షన్లతో మొదలుపెట్టండి. నేనైతే రాత్రి పడుకునే ముందు నడిపేసి, పొద్దున్నే బతికినవాటి జాబితాలో ముందు ఓనర్ తనిఖీలే వెతుకుతాను.