ఊళ్లో లేని మనిషిని ఊరి సర్వేలో ఎలా రాయాలి: ఉత్తరాంధ్ర సోషియాలజీ పాఠం వెనుక కథ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సోషియాలజీ చెప్పే ప్రొఫెసర్ గ్రామీణ సమాజం పాఠం చెప్పినా, కుటుంబ వ్యవస్థ చెప్పినా, పరిశోధనా పద్ధతులు చెప్పినా కాస్త లోతుకు వెళ్లేసరికి వలస ఎదురవుతుంది. విద్యార్థులు సర్వే ఫారాలు పట్టుకుని ఊరికి వెళ్తారు. సగం ఇళ్లల్లో ముసలివాళ్లు, పిల్లలు. కొన్నింటికి తాళాలు. ఊరిని వదిలి వెళ్లినవాళ్లను ఊరి లెక్కలో ఎలా చూపించాలన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాల్లో సూటి జవాబు దొరకదు. ఆ లోటు ఈ శాస్త్రం మన దేశంలో ఎదిగిన తీరులోనే ఉంది.

బొంబాయి విశ్వవిద్యాలయంలో 1919లో పాట్రిక్ గెడ్డెస్‌తో సోషియాలజీ శాఖ మొదలైంది. 1924లో జి.ఎస్. ఘుర్యే వచ్చాక అది నిలదొక్కుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక దృష్టి పల్లె మీదికి మళ్లింది. ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని ఒక ఊళ్లో మకాం పెట్టారు. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసి 1955లో పుస్తకం తెచ్చారు. ఒక ఊరిని తీసుకోవడం, ఇల్లిల్లూ తిరగడం, కులాలు, భూమి, చుట్టరికాలు రాసుకోవడం ఆ తరం పద్ధతి. ఇప్పటికీ మన విద్యార్థుల చేతికి వచ్చే ఫారం దాని వారసత్వమే. జనం ఊళ్లోనే ఉంటారన్న నమ్మకం అందులో ఇంకిపోయి ఉంది.

(మన ప్రాంతంలో ఫీల్డ్ వర్క్ అంతకంటే పాతది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. విజయనగరంలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో సోషియాలజీ చదివేవాళ్లు ఆయన దగ్గరే మొదలుపెట్టడం న్యాయం.)

ఈ తీరం జనం మాత్రం నూరేళ్లకు పైగా కదులుతూనే ఉన్నారు. గోపాలపూర్, కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి స్టీమర్ల మీద రంగూన్ వెళ్లి బియ్యం మిల్లుల్లో, రేవులో పనిచేశారు. కూలీలను జట్టుగా తీసుకెళ్లే మేస్త్రి ఓడ ఖర్చు అడ్వాన్సుగా ఇచ్చేవాడు, కూలిలో కోసుకునేవాడు. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ సేనలు రావడంతో వేలమంది తిరుగుముఖం పట్టారు. బర్మా దారి మూసుకుపోయింది గానీ మేస్త్రి పోలేదు. ఇవాళ చెన్నైలో అపార్ట్‌మెంట్ పనికి వెళ్లే జట్టు కూడా చాలావరకు అడ్వాన్సు తీసుకునే బయలుదేరుతుంది.

పాత లెక్కలు తిరగేసేటప్పుడు ముందు సరిహద్దులు చూసుకోవాలి. చికాకోలు (నేటి శ్రీకాకుళం), టెక్కలి, సోంపేట ప్రాంతాలు 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవి. ఒడిశా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం వేరే జిల్లాలయ్యాయి. బర్మా కాలపు కాగితాల్లో శ్రీకాకుళం జిల్లా కోసం వెతికితే ఏమీ దొరకదు, గంజాం చూడాలి. మరో మెలిక 2014 జూన్ 2న పడింది. అంతకుముందు రోజు దాకా హైదరాబాద్ వెళ్లడం రాష్ట్రంలోపలి వలస, ఆ రోజు నుంచి అంతర్రాష్ట్ర వలస. మనిషీ మారలేదు, పనీ మారలేదు, పట్టికలో గడి మారింది. ఇది గమనించకుండా గీసిన గ్రాఫుల్లో లేని ఉప్పెన కనిపిస్తుంది.

2011 జనగణనలో వెయ్యిమంది మగవాళ్లకు శ్రీకాకుళంలో 1,015 మంది, విజయనగరంలో 1,019 మంది ఆడవాళ్లు తేలారు. ఆడపిల్లను ఆదరించే జిల్లాలని చాలామంది మెచ్చుకున్నారు. అదే జనగణనలో ఆరేళ్లలోపు పిల్లల్ని చూస్తే ఆడపిల్లలు వెయ్యికి తక్కువే ఉన్నారు. ఆడవాళ్ల ఆయుష్షు కొంత ఎక్కువన్నది నిజమే, కానీ పెద్దవాళ్ల దగ్గరికొచ్చేసరికి నిష్పత్తి అంతగా తిరగబడడంలో మగవాళ్లు బయట ఊళ్లలో ఉండడానికి పెద్ద పాత్ర ఉంది. మెచ్చుకునే ముందు వయసులవారీ పట్టిక తెరవాలి.

నిర్వచనాల చిక్కు ఇంకొకటి. చివరగా ఎక్కడ నివసించారన్న ప్రశ్న జనగణనలోకి 1971లో, ఎందుకు కదిలారన్నది 1981లో వచ్చాయి. రెండూ స్థిరపడినవాళ్లను పట్టుకుంటాయి, వెళ్లి వచ్చేవాళ్లను కాదు. జాతీయ నమూనా సర్వే 1999-2000లో 60 రోజుల నుంచి ఆరు నెలల లోపు వెళ్లినవాళ్లను స్వల్పకాల వలసగా తీసుకుంది. 2007-08లో ఆ కింది హద్దును 30 రోజులు చేసింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి వలస పెరిగిందనో తగ్గిందనో చెప్పకూడదు.

ఫీల్డ్‌లో ఏం చేయాలి? మొదటి పని పేట మొత్తం మ్యాపు గీయడం. ప్రతి గుమ్మానికీ నంబరు, తాళం వేసిన ఇంటికి కూడా. తాళం ఉందని పక్కింటిని తీసుకుంటే కుటుంబంతో సహా వెళ్లిపోయినవాళ్లు లెక్క నుంచి పూర్తిగా జారిపోతారు. ఎక్కువగా జరిగే తప్పు ఇదే. మూసిన ఇంటివాళ్లు ఎప్పుడు వెళ్లారో, ఎక్కడికి వెళ్లారో ఇరుగుపొరుగు ఇద్దరిని విడివిడిగా అడిగి రాయాలి.

రెండోది, ఇంటి మనుషుల జాబితా రెండుగా ఉండాలి. ఒకటి ఈ పొయ్యి మీద తినేవాళ్లది. రెండోది ఇక్కడ తినకపోయినా డబ్బు పంపేవాళ్లు, పండక్కి వచ్చేవాళ్లు, అప్పుకు బాధ్యత వహించేవాళ్లది. ఈ రెండో జాబితాలో ఎప్పుడు వెళ్లాడు, ఎవరు తీసుకెళ్లారు, అడ్వాన్సు ఎంత, కూలి రోజువారీనా కొలత మీదా, చివరిసారి ఎప్పుడొచ్చాడు అన్న గడులు తప్పనిసరి. ‘హైదరాబాద్’ అని రాసి ఆగకూడదు. ఏ సైటు, ఏ మేస్త్రి కింద అన్నది కావాలి, ఎందుకంటే ఆ సైటు అయిపోగానే జట్టు ఇంకో నగరానికి మారుతుంది.

‘మీ ఇంట్లో ఎవరైనా వలస వెళ్లారా’ అని అడిగితే లేదనే అంటారు. తిండికి లేక వెళ్లినట్టు వినిపిస్తుందని చిన్నతనం. ‘పని మీద బయట ఎవరున్నారు’ అంటే అత్తగారు వెంటనే ‘మావోడు పనికెల్లాడు’ అని చెబుతుంది. రేషన్ కార్డులో పేరు తీసేస్తారన్న భయంతో లేనివాళ్లను ఉన్నట్టు చెప్పడమూ ఉంది. ఫారం ఏ ఆఫీసుకూ వెళ్లదని ముందే చెప్పాలి, చెప్పిన మాట నిలబెట్టుకోవాలి.

ఎప్పుడు వెళ్లామన్నదాన్ని బట్టి ఊరు మారిపోతుంది. సంక్రాంతికి అందరూ ఉంటారు గానీ ఫారం ముందు కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. అప్పుడు పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకుని మిగతాది తర్వాత ఫోన్‌లో అడగడం మేలు. తీరంలో లెక్క వేరు. మన సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదికి వెళ్లేవాళ్లకు పడమటి తీరం నిషేధం జూన్‌లో గానీ మొదలవదు. మే నెలలో మత్స్యకార గ్రామానికి వెళ్లి అందరూ ఇంట్లోనే ఉన్నారని రాస్తే, వేరావల్ జట్టు పూర్తిగా తప్పిపోతుంది.

ఈ జాబితా విలువ ప్రమాదం జరిగినప్పుడు తెలుస్తుంది. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో మన రెండు జిల్లాలవాళ్లూ ఉన్నారు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో వచ్చి 2025 దాకా అమల్లో ఉన్న చట్టం ప్రతి కార్మికుడికీ పాస్‌బుక్ ఇవ్వమంది, తీసుకెళ్లే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలంది. మేస్త్రి నోటి మాట మీద వెళ్లే జట్టుకు అవి రెండూ అందలేదు. 2018 చివర్లో పాకిస్తాన్‌కు పట్టుబడిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ వాఘా సరిహద్దు దాటి రాలేదు. అన్ని నెలలూ ఇల్లు నడిపిన ఆడవాళ్లకు మన ఫారంలో ఇంటి యజమాని గడి దక్కుతుందా లేదా అన్నది కుటుంబం పాఠంలో చర్చకు రావలసిన ప్రశ్న.

వచ్చే జనగణన 2027 మార్చి 1ని ప్రాతిపదికగా తీసుకుంటుంది. తలలు లెక్కించేది ఫిబ్రవరిలో, అంటే సంక్రాంతికి వచ్చినవాళ్లు తిరిగి బస్సెక్కాక. ఫీల్డ్ వర్క్ చేయించే శాఖలు ఆ జనవరిలోనే ఒక్కో మండలంలో రెండు మూడు పేటలకు ఈ రెండు జాబితాలూ తయారుచేసి పెట్టుకుంటే, అధికారిక అంకె వచ్చాక ఎవరెవరు జారిపోయారో పేటవారీగా పోల్చి చూపవచ్చు.