సగం గ్లాసు దగ్గర ఆగిన చెయ్యి

షుగర్‌కో, బరువు తగ్గడానికో వారానికోసారి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లలో కొందరు డాక్టర్లకి ఒక వింత సంగతి చెప్పడం మొదలుపెట్టారు. బీరు తెచ్చుకున్నాం, సగం తాగాం, మిగతాది తాగబుద్ధి కాలేదు, అంతే. ఎవరూ మానమనలేదు, వాళ్లూ మానాలనుకోలేదు.

ఇది అంత విశేషం ఎందుకైందంటే, తాగుడు మాన్పించడానికి వచ్చిన మొదటి మందు దీనికి పూర్తిగా ఎదురుదారిలో నడిచింది. దాని పేరు డైసల్ఫిరామ్, అసలు రబ్బరు పరిశ్రమలో వాడే రసాయనం. అక్కడి కార్మికులకి చుక్క పడితే చాలు, ఒళ్లు ఎర్రబడి అవస్థపడేవారు. 1940ల్లో డెన్మార్క్‌లో ఎరిక్ జాకబ్‌సెన్, యెన్స్ హాల్డ్ అనే ఇద్దరు దాన్ని నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ ముందు తామే మింగి చూసుకున్నారు, ఆ తర్వాత మద్యం ముట్టేసరికి వాళ్ల గతీ అదే అయింది! మనం తాగిన ఆల్కహాల్‌ని లివర్ ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుస్తుంది, ఆ వెంటనే ఇంకో ఎంజైమ్ దాన్ని వదిలించేస్తుంది. డైసల్ఫిరామ్ ఆ రెండో ఎంజైమ్‌ని కట్టేస్తుంది కాబట్టి విషం ఒంట్లోనే పేరుకుపోతుంది. తాగితే శిక్ష అన్నమాట. కోరిక మాత్రం ఎక్కడికీ పోదు, అందుకే చాలామంది మాత్రే మానేసి మళ్లీ వైన్‌షాపుకి వెళ్తారు. (మనిషికి తెలియకుండా కూరలో కలిపి పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.)

తర్వాత వచ్చిన నాల్‌ట్రెక్సోన్ కొంచెం తెలివైంది. తాగినప్పుడు మెదడులో విడుదలయ్యే ఎండార్ఫిన్లు (హాయినిచ్చే రసాయనాలు) వెళ్లి అతుక్కునే చోట్లలో ఇది ముందే కూర్చుంటుంది, దాంతో కిక్కు తగ్గుతుంది. అమెరికాలో 1994లో తాగుడుకి దీన్ని అనుమతించారు. 2014 నాటి ఒక పెద్ద సమీక్ష లెక్క ప్రకారం సుమారు 12 మందికి ఇస్తే అందులో ఒకరు మళ్లీ విపరీతంగా తాగడం నుంచి బయటపడతారు. చిన్న ఫలితమే, కానీ తీసిపారేసేదేం కాదు.

ఇప్పుడు సెమాగ్లుటైడ్ దగ్గరికొద్దాం. భోంచేశాక పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌కి ఇది నకలు. ఆ హార్మోన్‌కి స్పందించే రిసెప్టర్లు మెదడులోనూ ఉన్నాయి, 'ఇంకా కావాలి' అనిపించే డోపమైన్ దారుల్లో కూడా. ఎలుకల్లో, కోతుల్లో తాగుడు తగ్గింది సరే, మనుషుల్లో? 2025లో అమెరికాలో క్రిస్టియన్ హెండర్‌షాట్ బృందం 48 మంది మీద 9 వారాల ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. ల్యాబ్‌లోనే ఎవరికి నచ్చిన డ్రింక్ వాళ్ల ముందు పెట్టి ఎంత తాగుతారో కొలిచారు, నాకైతే ఈ పద్ధతి భలే నచ్చింది. ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు తక్కువ తాగారు, వాళ్లలో తపన కూడా తగ్గింది. అయితే తాగిన రోజుల సంఖ్య మాత్రం పెద్దగా మారలేదు: కూర్చోవడం మానలేదు, కూర్చున్నాక పెగ్గులు తగ్గాయి.

పండగ చేసుకునే ముందు ఇదీ వినండి. ఇదే కుటుంబానికి చెందిన ఎక్సెనటైడ్‌ని (గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికిన పదార్థమే దీనికి మూలం) కోపెన్‌హేగెన్‌లో 127 మంది మీద 26 వారాలు పరీక్షిస్తే, 2022లో వచ్చిన ఫలితాల్లో మొత్తం మీద తాగుడు తగ్గనేలేదు. ఊబకాయం ఉన్నవాళ్లలో మాత్రం తగ్గింది. సన్నగా ఉన్నవాళ్లలోనేమో పరిస్థితి ఇంకా దిగజారినట్టు కనిపించింది. కాబట్టి వెగోవీ (బరువు తగ్గడానికి అమ్మే సెమాగ్లుటైడ్ బ్రాండు) 2025 జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చింది కదా అని సొంతంగా మొదలుపెట్టే వ్యవహారం కాదిది. పైగా బాగా తాగేవాళ్లకి పాంక్రియాస్ దెబ్బతినే ముప్పు ముందే ఉంటుంది, ఈ మందుల మీదా అదే హెచ్చరిక ఉంది.

ఇంకో సంగతి, రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వచ్చే ఫిట్స్‌కీ మతిభ్రమకీ ఇవేవీ పనికిరావు. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూసేసరికి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం పోటెత్తింది అందుకే. వాళ్లకి కావలసింది డాక్టరు కళ్ల ముందు, డయాజిపామ్ లాంటి మాత్రలతో, బీ1 విటమిన్‌తో నెమ్మదిగా దించడం. ఇదంతా కొత్త వైద్యమేం కాదు, అయినా 2019లో కేంద్రం విడుదల చేసిన సర్వేలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పారు.