సస్కాచెవాన్‌లో ఆ 23 రోజులు

కెనడాలో డాక్టరు దగ్గరికి వెళ్తే జేబులో చెయ్యి పెట్టక్కర్లేదని అక్కడున్న మన బంధువులు చెబుతుంటారు. స్పెషలిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూడాలని వాపోయేదీ వాళ్లే. డాక్టరు, ఆసుపత్రి బిల్లులు ప్రభుత్వమే కట్టే ఈ ఏర్పాటు రాజధాని ఒట్టావాలో పుట్టలేదు. గోధుమ పండితేనే పూట గడిచే సస్కాచెవాన్ ప్రావిన్స్‌లో, డాక్టర్ల సమ్మె మధ్య పుట్టింది.

అక్కడి పల్లెల్లో డాక్టరు నిలవడమే కష్టం. అందుకే 1910ల నుంచే కొన్ని గ్రామీణ మున్సిపాలిటీలు పన్ను వేసి, ఆ డబ్బుతో డాక్టరును జీతానికి పెట్టుకున్నాయి. 1930లలో కరువూ, ధరల పతనమూ ఒకేసారి వచ్చిపడ్డాయి. ఫీజు బదులు కోళ్లో కూరగాయలో పుచ్చుకునే రోజుల్లో, నెల తిరిగేసరికి జీతం వస్తుందంటే డాక్టర్లకూ బాగానే ఉండేది. డబ్బులొచ్చే కాలంలో వాళ్ల మాట మారింది.

1944లో సోషలిస్టు భావాల సీసీఎఫ్ పార్టీ గెలిచి టామీ డగ్లస్ ప్రీమియర్, అంటే ప్రావిన్స్‌కు ముఖ్యమంత్రి లాంటివాడు, అయ్యాడు. చిన్నప్పుడు ఎముక ఇన్ఫెక్షన్‌తో అతని కాలు తీసేయాల్సిన పరిస్థితి. ఇంట్లో డబ్బు లేదు. విన్నిపెగ్‌లో ఒక సర్జన్ విద్యార్థులకు చూపించుకునే కేసుగా ఉచితంగా ఆపరేషన్ చేయడంతో కాలు దక్కింది. 1947 జనవరిలో డగ్లస్ ప్రభుత్వం తలకు ఏడాదికి 5 డాలర్ల చొప్పున వసూలు చేసి ఆసుపత్రి ఖర్చులకు బీమా పెట్టింది. డాక్టరు ఫీజు మాత్రం బయటే మిగిలిపోయింది. ఆరోగ్యశ్రీ ఉన్నా ఓపీ ఫీజు, మందుల ఖర్చు చేతి నుంచి పెట్టుకునే మనకు ఈ సగం సగం వ్యవహారం కొత్తేం కాదు.

మిగతా సగానికి డబ్బు దొరకడానికి పదేళ్లు పట్టింది. ఆసుపత్రి ఖర్చులో సుమారు సగం భరిస్తామని 1957లో కేంద్రం చట్టం చేసింది. ప్రావిన్స్‌కు ఊపిరాడింది. 1959 చివర్లో డగ్లస్ డాక్టరు ఫీజు బీమా ప్రకటించాడు. 1960 ఎన్నికలు దాని మీదే జరిగాయి. డాక్టర్ల సంఘం గట్టిగా వ్యతిరేక ప్రచారం చేసినా ఓడిపోయింది. డాక్టర్లకు బీమా అంటే పడకపోవడం కాదు, వాళ్లే నడిపే బీమా పథకాలు అప్పటికే ఉన్నాయి. డబ్బిచ్చే చెయ్యి ఒక్కటే అయితే రేపు ఫీజు ఎంతో, వైద్యం ఎలా చేయాలో కూడా ఆ చెయ్యే శాసిస్తుందన్నదే వాళ్ల టెన్షన్. ఆ భయం పూర్తిగా ఉత్తిదని నేననను. బకాయిలు రాలేదని మన నెట్‌వర్క్ ఆసుపత్రులు ఎన్నిసార్లు సేవలు ఆపలేదు?

డాక్టరు ఫీజు బీమా 1961 నవంబరులో చట్టమైంది. సీసీఎఫ్ స్థానంలో వచ్చిన కొత్త పార్టీ ఎన్డీపీకి అధ్యక్షుడిగా డగ్లస్ కేంద్ర రాజకీయాల్లోకి వెళ్లాడు. భారమంతా అతని తర్వాత ప్రీమియర్ అయిన మాజీ బడిపంతులు వుడ్రో లాయిడ్ నెత్తిన పడింది. 1962 జులై 1న పథకం మొదలైన రోజే ఎక్కువమంది డాక్టర్లు క్లినిక్‌లు మూసేశారు. అత్యవసర సేవలు కొన్ని ఆసుపత్రులకే పరిమితం. బ్రిటన్ నుంచి డాక్టర్లను విమానాల్లో రప్పించారు. కొన్ని ఊళ్లలో జనమే చందాలేసుకుని కమ్యూనిటీ క్లినిక్‌లు తెరిచారు. జులై 11న రెజైనాలో శాసనసభ ముందు డాక్టర్లకు మద్దతుగా భారీ సభ అన్నారు, అనుకున్నదాంట్లో చిన్న భాగమే వచ్చారు. సమ్మె ఊపు అక్కడే తగ్గింది.

రాజీ కుదిర్చింది బ్రిటన్ నుంచి వచ్చిన లార్డ్ టేలర్. ఆయనా డాక్టరే. రెండు పక్షాల మధ్య కబుర్లు మోస్తూ జులై 23న సస్కటూన్‌లో సంతకాలు పెట్టించాడు. ఆ ఒప్పందం ప్రకారం డాక్టరు ప్రభుత్వ ఉద్యోగి కాడు, సొంత క్లినిక్ సొంతమే. కావాలంటే పాత బీమా సంస్థల ద్వారానే బిల్లు పంపుకోవచ్చు. పేషెంటు దగ్గర తీసుకుంటే పేషెంటుకు ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. ఏ దారిన పోయినా చివరికి డబ్బు వచ్చేది మాత్రం ఒకే ఖజానా నుంచి.

1964లో లాయిడ్ ఓడిపోయాడు. గెలిచిన లిబరల్స్ పథకాన్ని ఎత్తేయలేదు. 1966లో కేంద్రం ఇలాంటి పథకాలకు ఖర్చు పంచుకునే చట్టం తెచ్చింది, 1972కల్లా అన్ని ప్రావిన్స్‌లూ చేరాయి. మొదలుపెట్టిన సస్కాచెవాన్‌లోనే 1968లో క్లినిక్‌కు వెళ్లిన ప్రతిసారీ డాలరున్నర కట్టాలన్నారు. 1971లో ఎన్డీపీ అధికారంలోకి వచ్చి ఆ ఫీజు తీసేసింది.